జనాభా లెక్కలు - వంశకథలు: ఓరుగల్లు ప్రాంత కుటుంబచరిత్ర ఆకరాలపై విమర్శనాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం:

స్థానిక చరిత్ర, కులపురాణాలు, ఆత్మకథల మీద జరుగుతున్న తెలుగు పరిశోధనల్లో హైదరాబాదు రాజ్యపు జనాభా లెక్కల నివేదికలను, వాటి అనుబంధంగా వెలువడిన కులవర్ణన గ్రంథాలను ప్రామాణిక ఆకరాలుగా ఉదహరించడం పరిపాటి అయింది. ఆ నివేదికలు కుటుంబచరిత్రకు ఏమి ఇవ్వగలవు, ఏమి ఇవ్వలేవు అనే ప్రశ్న మాత్రం తగినంతగా చర్చకు రాలేదు. వరంగల్లు ప్రాంతాన్ని ఆధారం చేసుకొని జనాభా లెక్కల స్వభావాన్ని, సరిహద్దుల మార్పును, కులనామాల మార్పును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆశ్రిత కులాల గాయకులు నిలిపిన మౌఖిక వంశావళులతో వాటిని పోల్చి, రెండింటి పరిమితులను చర్చిస్తుంది. మౌఖిక కథనాన్ని ముద్రిత గ్రంథంతో 'ధ్రువీకరించే' పద్ధతిలోని తర్కదోషాన్ని ఎత్తి చూపడం ఈ వ్యాసం ప్రధానోద్దేశం.

కీలక పదాలు: జనాభా లెక్కలు, కుటుంబచరిత్ర, వంశావళి, ఆశ్రిత కులాలు, కులపురాణం, పిచ్చిగుంట్ల, వరంగల్లు.

1. ఉపోద్ఘాతం:

తెలుగు సాహిత్యానికి వంశకథనం కొత్తది కాదు. ప్రబంధాల అవతారికల్లో కృతిపతి వంశవర్ణన ఒక నియతాంగం. గణపతిదేవుని సోదరి మైలాంబ వేయించిన బయ్యారం చెరువు శాసనం కాకతీయుల పూర్వీకులను వరుసగా చెప్పి, ఆ వంశచరిత్రకు ముఖ్యాధారమైంది. నేలటూరు వెంకటరమణయ్య పరిష్కరించగా 1939లో మద్రాసు విశ్వవిద్యాలయం ప్రచురించిన 'వెలుగోటివారి వంశావళి' రేచర్ల వెలమల చరిత్రకు ఆధారగ్రంథంగా నిలిచింది. అయితే ఇవన్నీ ఏలినవారి వంశాలు. బయ్యారం చెరువు కట్టను మోసినవారి వంశాలు ఎక్కడున్నాయనే ప్రశ్నతోనే నేటి కుటుంబచరిత్ర పరిశోధన మొదలవుతుంది.

ఈ ప్రశ్నతో బయలుదేరిన పరిశోధకునికి మొదట తోచే ఆకరం జనాభా లెక్కలు. ప్రతి ఇంటినీ, ప్రతి మనిషినీ లెక్కించిన ప్రభుత్వపత్రంలో తన ముత్తాత పేరు ఉండకపోదని ఆశించడం సహజం. పాశ్చాత్య దేశాల వంశచరిత్రకారుల అనుభవం ఈ ఆశకు ఊతమిస్తుంది. బ్రిటన్‌లో నూరేళ్ల గోప్యతాకాలం ముగిశాక 1921 నాటి ఇంటింటి పత్రాలు 2022లో ప్రజలకు అందాయి. అమెరికాలో 72 ఏళ్ల నియమాన్ని అనుసరించి 1950 నాటి పత్రాలు అదే ఏడాది బయటికి వచ్చాయి. అక్కడి పరిశోధకుడు జిల్లా, వీధి, ఇల్లు వెదికి, యజమాని పేరు, భార్య పేరు, పిల్లల వయసులు చదవగలడు. వరంగల్లు పరిశోధకునికి ఆ సౌకర్యం లేదు. ఎందుకు లేదో తెలుసుకోవడం ఆకరవిమర్శలో తొలిమెట్టు.

2. జనాభా లెక్కల స్వభావం - పేరు నుంచి అంకెకు:

హైదరాబాదు రాజ్యంలో 1881 నుంచి పదేళ్లకొకసారి జనాభా లెక్కలు జరిగాయి. 1891, 1901 లెక్కలను మీర్జా మెహదీ ఖాన్, 1931 లెక్కలను గులాం అహ్మద్ ఖాన్ నిర్వహించి నివేదికలు వెలువరించారు. ఎన్యూమరేటరు ఇంటికి వచ్చి పట్టికలో పేర్లు రాసుకున్న మాట నిజమే. కాని ఆ పట్టిక ఉద్దేశం పేర్లను భద్రపరచడం కాదు. 1901 నుంచి భారతదేశమంతటా చీటీల పద్ధతి అమలైంది. ఒక్కొక్క మనిషి వివరాలను ఒక్కొక్క చీటీ మీదికి ఎక్కించి, మతాన్ని బట్టి రంగు మార్చి, ఆ చీటీలను కట్టలుగా వేరుచేసి లెక్కపెట్టేవారు. లెక్క తేలాక చీటీలతోనూ, మూలపత్రాలతోనూ పని తీరిపోయినట్లే. నిలిచినవి ముద్రిత సంపుటాలు మాత్రమే. వాటిలో మనుషులు లేరు, మొత్తాలున్నాయి.

స్వాతంత్ర్యానంతరం చట్టం కూడా ఈ స్థితిని స్థిరపరచింది. 1948 జనాభా లెక్కల చట్టంలోని 15వ సెక్షన్ ప్రకారం వ్యక్తుల వివరాలున్న పత్రాలను తనిఖీ చేసే హక్కు ఎవరికీ లేదు. సాధారణంగా వాటిని న్యాయస్థానంలో సాక్ష్యంగా స్వీకరించడానికీ వీలు లేదు. ఇన్నేళ్ల తరువాత తెరవాలనే నియమం ఆ సెక్షన్‌లో లేదు. గణకునికి ప్రజలు నిర్భయంగా జవాబు చెప్పాలంటే ఈ గోప్యత అవసరమే. కాని దాని మూల్యాన్ని చెల్లించేది కుటుంబచరిత్ర.

స్త్రీల విషయంలో ఈ లోపం మరింత లోతైనది. వలసకాలపు గణకులకు ఇచ్చిన సూచనల్లో, ఇంటివారు ఆడవారి పేరు చెప్పడానికి అభ్యంతరపడితే ఆ గడిలో 'స్త్రీ' అని రాస్తే చాలన్న వెసులుబాటు ఉండేది. అంటే మూలపత్రాలు నిలిచివున్నా, మన ముత్తవ్వల పేర్లు వాటిలో అన్ని ఇళ్లకూ దొరికేవని చెప్పలేం.

ఇందులో ఒక విషాదవ్యంగ్యం ఉంది. 1860 నవంబరులో మద్రాసు నుంచి బయలుదేరిన 'ట్రూరో' ఓడ డర్బను చేరింది మొదలు 1911 వరకు నటాలుకు వెళ్లిన ఒప్పందకూలీల పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు ఓడల జాబితాల్లో నమోదయ్యాయి. మారిషస్‌కు వెళ్లినవారి వలస పత్రాలు అక్కడి మహాత్మాగాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. డర్బనులోని తెలుగు కుటుంబం విశాఖ, గోదావరి మండలాల్లోని తన పూర్వీకుల ఊరిని ఆ పత్రాల్లో వెదుక్కోగలదు. ఉన్న ఊరు కదలని వరంగల్లు కుటుంబానికి అటువంటి పత్రం లేదు. రాజ్యానికి చెమట అవసరమైనచోట మనిషి పేరుతో నమోదయ్యాడు. సంఖ్య మాత్రమే అవసరమైనచోట పేరు రాలిపోయింది.

3. 'వరంగల్ జిల్లా' అంటే ఏది?

పేర్లు లేకపోయినా మొత్తాలు పనికిరావా? వస్తాయి. కాని వాటిని వాడేముందు ఆ మొత్తం ఏ నేలకు సంబంధించినదో తేల్చుకోవాలి. 1931 నివేదికలోని వరంగల్ జిల్లాలో ఖమ్మం, మధిర, ఇల్లెందు, పాల్వంచ ప్రాంతాలు కూడా ఉన్నాయి. 1953లో ఖమ్మం ప్రత్యేక జిల్లా అయింది. సాయుధ పోరాటకాలంలో నల్గొండ జిల్లాలో ఉన్న జనగామ తరువాత వరంగల్లులో చేరి, 2016లో తానే ఒక జిల్లా అయింది. పటచిత్రాలకు పేరుపొందిన చేర్యాల అదే పునర్విభజనలో సిద్దిపేటకు వెళ్లింది. 2016 అక్టోబరులో పాత వరంగల్లు వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, మహబూబాబాద్, జనగామ, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలుగా విడిపోయింది. 2019లో ములుగు ఏర్పడింది. 2021లో అర్బన్, రూరల్ జిల్లాలు హనుమకొండ, వరంగల్ అనే పేర్లు పొందాయి.

కాబట్టి 1931 నాటి ఒక కులపు జిల్లా సంఖ్యను 2011 నాటి జిల్లా సంఖ్యతో పోల్చి, ఆ కులం 'తగ్గింది' లేదా 'పెరిగింది' అని నిర్ధారించడం పెద్ద పొరపాటు. ముఖ్యంగా కోయల విషయంలో ఇది తప్పుదోవ పట్టిస్తుంది. పాల్వంచ, ఇల్లెందు అడవులతో కూడిన జిల్లా వేరు, అవి లేని జిల్లా వేరు. ఇక్కడ కుటుంబచరిత్రకు నికరమైన ఆధారం జిల్లా కాదు, ఊరు. గ్రామాలవారీ వివరాలతో వెలువడిన జిల్లా జనగణన దర్శినుల దగ్గరికి వచ్చేసరికి మాత్రమే మన కాళ్లకింద నేల దొరుకుతుంది.

4. కులనామం - మారే గడి:

సరిహద్దుల కంటే వేగంగా మారినవి కులనామాలు. జనాభా లెక్కలు సమాజాన్ని ఉన్నదున్నట్లు చూపిన అద్దం కాదని, ప్రజలు తమను తాము చూసుకొనే తీరునే అవి మార్చాయని బెర్నార్డ్ కోన్ చాలాకాలం క్రితమే వాదించాడు. ఆ వాదానికి తెలుగునేల బలమైన ఉదాహరణ. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన జరిగిన సభ 'ఆది ఆంధ్ర' అనే పేరును ముందుకు తెచ్చింది. హైదరాబాదు రాజ్యంలో 'ఆది హిందూ' ఉద్యమం సాగి, 1931 జనాభా లెక్కల్లో ఆ పేరు నమోదయ్యేలా చేసింది. 1921లో మాల, మాదిగ గడుల్లో ఉన్న ఒక కుటుంబం 1931లో ఆది హిందువుల్లో చేరివుండవచ్చు. పట్టికను మాత్రమే చూసిన పరిశోధకునికి ఇది జనాభాలో మార్పుగా కనిపిస్తుంది. నిజానికది ఆత్మగౌరవ ప్రకటన.

సాలె - పద్మశాలి, చాకలి - రజక, మంగలి - నాయీ బ్రాహ్మణ, కంసాలి - విశ్వబ్రాహ్మణ వంటి మార్పులనూ ఈ దృష్టితోనే చూడాలి. పాత పేరును పట్టుకొని వెదికితే కుటుంబం సగం దారిలో తప్పిపోతుంది. కొత్త పేరును పాతకాలానికి అంటగడితే ఆ పేరు కోసం జరిగిన పోరాటం తప్పిపోతుంది. పరిశోధకుడు రెండు పేర్లనూ, పేరు మారిన దశాబ్దాన్నీ నమోదు చేయాలి.

మరో మౌలికమైన పొసగనితనం ఉంది. తెలుగువారికి కుటుంబపు గుర్తు ఇంటిపేరు. దానికి గోత్రం తోడు. ములుగు, ఏటూరునాగారం కోయల్లో మూడవ గట్టు, నాలుగవ గట్టు, ఐదవ గట్టు అనే విభాగాలు వియ్యానికి హద్దులు గీస్తాయి. జనాభా లెక్కల పట్టికలో ఇంటిపేరుకు లెక్క లేదు. గట్టుకూ లెక్క లేదు. కులం అనే పెద్ద గంపలో అవన్నీ కలిసిపోయాయి. మనం వెదుకుతున్నది ఇంటిపేరును, అక్కడ దొరికేది కులాన్ని.

5. సాక్ష్యంలో చక్రభ్రమణం:

ఈ వ్యాసానికి ప్రేరణ అయిన ప్రధానాంశం ఇదే. 1901 జనాభా లెక్కల నేపథ్యంలో మొదలైన జాతివర్ణన సర్వేలో భాగంగా సయ్యద్ సిరాజుల్ హసన్ నిజాం రాజ్యపు కులాలు, తెగల మీద రాసిన బృహద్గ్రంథం 1920లో వెలువడింది. దక్షిణభారత కులాల మీద ఎడ్గార్ థర్‌స్టన్ ఏడు సంపుటాలు 1909లో వచ్చాయి. కులపురాణాల మీద రాసే సిద్ధాంతవ్యాసాల్లో ఈ రెండు గ్రంథాల ఉదాహరణలు తరచుగా కనిపిస్తాయి. అనుసరించే పద్ధతి సాధారణంగా ఇలా ఉంటుంది: క్షేత్రపర్యటనలో ఒక గాయకుని నుంచి కులోత్పత్తి కథను సేకరిస్తారు. అదే కథ సిరాజుల్ హసన్ గ్రంథంలోనూ ఉందని చూపుతారు. కనుక కథ 'చారిత్రకంగా ధ్రువపడింది' అని ముగిస్తారు.

ఇందులోని దోషం స్పష్టం. ఆ గ్రంథకర్తలకు కులోత్పత్తి కథలు ఎక్కడి నుంచి వచ్చాయి? కులపెద్దలు, గాయకులు, స్థానికాధికారులు చెప్పిన మాటల నుంచే. అంటే అది రెండో సాక్షి కాదు, మొదటి సాక్షి మాటే నూరేళ్ల క్రితం రాసుకున్న ప్రతి. గాయకుని తాత చెప్పిన మాటతో మనవడి మాటను పోల్చి రెండూ ఒకటే అనడం కథ నిలకడకు నిదర్శనమవుతుంది, కథలోని సంఘటనకు నిదర్శనం కాదు. ఈ రెండు నిర్ధారణల మధ్య భేదాన్ని మన పరిశోధన పాటించాలి. కథ నిలకడ కూడా తక్కువ విలువైనదేమీ కాదు. ఒక కథ నూరేళ్లు ఎందుకు మారలేదు, లేదా ఏ భాగం మారింది అన్నది సాహిత్య విమర్శకునికి దక్కిన అసలైన ప్రశ్న.

దీనికి మరో పార్శ్వమూ ఉంది. ఆ గ్రంథాల్లోని కొన్ని వర్ణనలు నాటి పాలకుల, పైకులాల చూపును మోస్తున్నాయి. ఒక కులాన్ని 'భిక్షుకులు' అని ఒక్క మాటలో తేల్చిన వాక్యాన్ని వ్యాఖ్య లేకుండా తెలుగులోకి దించి సిద్ధాంతవ్యాసంలో చేర్చినప్పుడు, ఆ చూపునే మనం కొనసాగిస్తున్నాం. ఆ కులానికి చెందిన విద్యార్థి అదే గ్రంథాలయంలో ఆ పుట తెరిచి చదువుతాడన్న స్పృహ మనకు ఉండాలి.

6. పేర్లు నిలిపిన సంప్రదాయం:

జనాభా లెక్కలు వదిలేసిన ఇంటిపేరును, గోత్రాన్ని, వంశక్రమాన్ని మోసినవారు ఆశ్రిత కులాల గాయకులు. కాపులకు పిచ్చిగుంట్లవారు, పద్మశాలీలకు కూనపులివారు, గొల్లలకు మందెచ్చులవారు, విశ్వబ్రాహ్మణులకు రుంజవారు, మాదిగలకు చిందు, డక్కలి కళాకారులు, ముదిరాజులకు కాకి పడగలవారు ఇలా ఒక్కొక్క దాతృకులానికి కథ చెప్పే కుటుంబాలున్నాయి. ఊర్లను పంచుకొని, నియతకాలంలో వచ్చి, పటం విప్పి లేదా వేషం కట్టి కులపురాణం చెప్పి, త్యాగం అందుకొని వెళ్లడం వారి హక్కు. కోయల్లో డోలివారు పడిగెల మీది బొమ్మల ఆధారంగా వంశకథలు పాడతారు. కోయ వంశగాథలను, సమ్మక్క సారలమ్మల కథను పాడిన సకిని రామచంద్రయ్యకు 2022లో, జనగామ జిల్లాకు చెందిన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ పురస్కారాలు రావడం ఈ సంప్రదాయాలకు లభించిన ఆలస్యపు గుర్తింపు.

అయితే ఈ ఆకరాన్నీ విమర్శ లేకుండా స్వీకరించరాదు. గాయకుని జీవిక దాత మెప్పు మీద ఆధారపడింది. కనుక వంశంలోని మచ్చలు మాసిపోతాయి, దానాలు పెరుగుతాయి. త్యాగం ఇవ్వడం మానిన ఇల్లు కథలోంచి జారిపోవచ్చు. వంశం తండ్రి నుంచి కొడుక్కు సాగుతుంది, కూతుళ్లు, కోడళ్లు అరుదుగా కనిపిస్తారు. పొగడ్తలో కాలక్రమం కుదించుకుపోయి నాలుగు తరాలు రెండు తరాలవుతాయి. విచిత్రమేమంటే, ఇక్కడ జనాభా లెక్కలే మౌఖిక సంప్రదాయాన్ని సరిదిద్దుతాయి. పేరు లేకపోయినా స్త్రీని అవి మనిషిగా లెక్కించాయి. త్యాగం ఇవ్వలేని ఇంటినీ లెక్కించాయి.

పేరుకూ అంకెకూ మధ్య ఉన్న ఈ తేడాను మన సాహిత్యచరిత్రే ఒకసారి చర్చకు పెట్టింది. తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో 'గోలకొండ కవుల సంచిక'ను వెలువరించి 354 మంది కవులను అందులో చూపారు. అది కూడా ఒక గణనే. కాని సంఖ్య చెప్పి ఊరుకోలేదు, ఒక్కొక్కరినీ పేరుతో, పద్యంతో నిలబెట్టింది. 1931 లెక్కలు వెలువడిన కాలంలోనే వచ్చిన ఈ సంచిక, లెక్కించడం అంటే పేరు చెరపడమే కానక్కరలేదని నిరూపించింది.

7. సమన్వయ పద్ధతి:

రెండు ఆకరాలూ అసంపూర్ణమే అయినప్పుడు పరిశోధకుడు చేయవలసినది వాటిని ఎదురెదురుగా నిలపడం. పద్ధతి స్పష్టం కావడానికి ఒక ఊహా కుటుంబాన్ని తీసుకుందాం. కొత్తవాడలో స్థిరపడిన ఒక చేనేత కుటుంబంలో, తాతతండ్రి 'గత్తర వచ్చిన ఏడు' ఊరు విడిచి వచ్చాడన్న మాట మిగిలి ఉందనుకుందాం. గత్తర అంటే కలరా. అది పలుమార్లు వచ్చింది కనుక ఆ మాట ఒక్కటే సంవత్సరాన్ని ఇవ్వదు. పైగా జనం నోట్లో ఇతర అంటువ్యాధులకూ అదే పేరు అంటుకోవచ్చు.

ఇక్కడ జనాభా లెక్కల మొత్తాలు తోడ్పడతాయి. హైదరాబాదు రాజ్య జనాభా 1891లో 1,15,37,040. 1901 నాటికి 1,11,41,142కు పడిపోయింది. ఆ దశాబ్దం చివర 1899-1900 నాటి కరువు ఉంది. 1911లో 1,33,74,676 ఉన్న జనాభా 1921 నాటికి 1,24,71,770 అయింది. అంటే సుమారు తొమ్మిది లక్షల తగ్గుదల. దాని వెనుక ప్రధానంగా 1918 నాటి ఇన్‌ఫ్లూయెంజా ఉంది. కుటుంబంలోని పెద్దల వయసులను వెనక్కి లెక్కించి, వలస ఈ రెండు విపత్తుల్లో దేనికి దగ్గరగా ఉందో చూడవచ్చు. వచ్చినవారు మిల్లుపని కోసం వచ్చామంటే, ఆజంజాహి మిల్లు 1934లో స్థాపితమైంది కనుక ఆ సంవత్సరం ఒక హద్దు. రైలెక్కి వచ్చామంటే మరో హద్దు, ఎందుకంటే వరంగల్లు మీదుగా బెజవాడ దాకా రైలుమార్గం 1889 నాటికి పూర్తయింది. ఇలా ప్రతి జ్ఞాపకానికీ ముందు హద్దు, వెనుక హద్దు నిర్ణయించాలి. హద్దులు దొరకనిచోట దొరకలేదని రాయాలి.

పేర్ల కోసం భూమి పత్రాల దగ్గరికి పోవాలి. సేత్వార్, 1954-55 నాటి ఖాస్రా పహాణీ, ఆ తరువాతి పహాణీలు సర్వే నంబరుతో పాటు పట్టాదారు పేరును చూపుతాయి. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో పారసీ, ఉర్దూ పత్రాలున్నాయి. తెలుగు ఇంటిపేరు ఉర్దూ లిపిలోకి వెళ్లి మళ్లీ తెలుగులోకి వచ్చేటప్పుడు రూపం మారుతుంది కనుక, ఉర్దూ చదవగల సహాధ్యాయి తోడు తప్పనిసరి. అయితే పట్టా ఉన్నవారికే పత్రం ఉంటుంది. భూమిలేనివారి చరిత్ర ఇక్కడ కూడా బయటే నిలబడుతుంది.

ఆ బయట నిలబడినవారి చరిత్రకు వై.బి. సత్యనారాయణ 'మై ఫాదర్ బాలయ్య' (2011) మార్గదర్శకం. పాత కరీంనగర్ జిల్లా వంగపల్లి నుంచి బయలుదేరిన ఒక మాదిగ కుటుంబం రైల్వే కూలిపనుల మీదుగా చదువుల దాకా నడిచిన కథ అది. పూర్వీకునికి నిజాం ప్రభువు ఇచ్చిన యాభై ఎకరాల భూమిలో అధికభాగం దొర చేతికి పోయిన వైనాన్ని ఏ జనాభా పట్టికా చెప్పదు. కుటుంబ జ్ఞాపకం చెప్పింది. ఆ జ్ఞాపకాన్ని రాతలోకి తెచ్చిన తరువాత అదే ఒక ఆకరమైంది.

8. ముగింపు:

అన్ని వంశాలను పాడిన పిచ్చిగుంట్లవారి సొంత వంశం ఎక్కడుంది? వికలాంగుడైన తమ్ముణ్ణి అన్నలు పోషించారనీ, ప్రతిగా అతడు వారి వంశాలను కీర్తించాడనీ వారిలో ప్రచారంలో ఉన్న కథ. నేడు ప్రభుత్వ వెనుకబడిన తరగతుల జాబితాలో వారి పేరు వంశరాజ్‌గా మారింది. పేరులోనే వంశం ఉన్నవారి వంశక్రమాన్ని పాడడానికి మరో గాయకుడు లేడు. ఊరూరా తిరిగే జీవనం కారణంగా ఏ ఊరి లెక్కలోనూ వారు నిలకడగా కనిపించరు. జనాభా లెక్కలూ, మౌఖిక సంప్రదాయమూ రెండూ వదిలేసిన కుటుంబాలివి. కుటుంబచరిత్ర పరిశోధనకు అసలైన పరీక్ష ఇక్కడే ఉంది.

2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా ప్రకటితమైన జనగణనలో కులాన్ని కూడా నమోదు చేయనున్నారు. 1931 తరువాత దేశవ్యాప్త జనగణనలో అన్ని కులాల లెక్క రావడం ఇదే మొదటిసారి అవుతుంది. ఆ గడిలో ఏ పేరు చెప్పాలన్న చర్చ ఇప్పటికే ఆశ్రిత కులాల సంఘాల్లో వినిపిస్తోంది. ఆ సంఖ్యలు రేపటి సిద్ధాంతవ్యాసాల్లో ఆధారాలవుతాయి. ఈలోగా తెలుగు శాఖలు చేయదగిన పని ఒకటుంది. క్షేత్రపర్యటనకు వెళ్లిన ప్రతి పరిశోధకుడూ కులపురాణంతో పాటు, దాన్ని చెప్పిన గాయకుని ఇంటిపేరును, తల్లి పేరును, అమ్మమ్మ పేరును, తిరిగిన ఊర్ల వరుసను అతని అనుమతితో రాసుకోవాలి. అనుబంధంలో 'వక్తల వివరాలు' అనే శీర్షిక కింద పేరు, వయసు, ఊరు మూడు గడులు నింపి వదిలేస్తే, మనం కూడా గణకునిలాగే చీటీ రాసుకొని మనిషిని మరచినవారం అవుతాం.

నేను సమర్పించిన సిద్ధాంతవ్యాసపు అనుబంధంలోనూ ఆ మూడు గడులే ఉన్నాయి. వక్తల్లో కొందరు నేడు లేరు. వారి తల్లుల పేర్లు నేను అడగలేదు.